నీళ్ళ లెక్క: రాయడం రాదనుకున్న ఒక ఏడో క్లాసు కుర్రాడి కేస్ స్టడీ

ఈ కేసు రెండేళ్ళుగా ట్రైనింగుల్లో, టీ కొట్టు దగ్గర నోటితో చెప్తూనే ఉన్నాను గాని కాగితం మీద పెట్టలేదు, ఇప్పుడు పెడుతున్నా. కుర్రాడి పేరు మార్చేను, నాని అందాం, మా వేపు ఇంటికొక నాని ఉంటాడు కాబట్టి ఎవరూ పట్టుకోలేరు. ఊరూ స్కూలూ చెప్పను, శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒక జడ్పీ హైస్కూలు అనుకోండి చాలు. ఇంటి వివరాలు ఒకట్రెండు కావాలనే అటూ ఇటూ చేసేను. నేను అక్కడ తెలుగు మాస్టార్ని.

నేపథ్యం

నాని 2022-23లో ఏడో క్లాసు. వాడి చదువుకి దెబ్బలు వరసగా తగిలేయి. మూడో క్లాసులో ఉండగా 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను, ఇంటి మీద రేకులూ తాత పెంచుకున్న కొబ్బరి చెట్లూ తెల్లారేసరికి లేవు, ఆ తర్వాత చాన్నాళ్ళు వాళ్ళ ఊళ్ళో బడి అంటే బియ్యం పంచే చోటే. నాలుగో క్లాసు చివర్లో కరోనా వచ్చింది. ఐదో క్లాసు దాదాపు అంతా ఆన్‌లైన్ అన్నారు, వాళ్ళింట్లో ఉన్నది బటన్ ఫోను. ఆరో క్లాసుకి మా దగ్గరికొచ్చేసరికి టెక్స్ట్ బుక్కులు ఒక పక్క ఇంగ్లీషు ఒక పక్క తెలుగు, వీడికి రెండు పక్కలూ ఒకటే.

తండ్రి చెన్నైలో బిల్డింగ్ పని, పండక్కి వస్తాడు. తల్లి జీడి పిక్కలు కొడుతుంది. కొట్టేవాళ్ళని వేళ్ళు చూసి పోల్చేయొచ్చు, పిక్క తొక్కలోంచి కారే నూనె చర్మాన్ని కాల్చేస్తుంది, ఏం రాసుకున్నా వేళ్ళ చివర్లు నల్లగానే ఉంటాయి. కిలో లెక్కన కూలి, ఒక పూట మానితే ఆ పూట డబ్బుల్లేవు. ఇంట్లో ఇంకో మనిషి తాత, కిడ్నీలు పాడై వారానికి రెండు రోజులు డయాలిసిస్. ఉద్దానం కిడ్నీ జబ్బు సంగతి మీకు కొత్త కాదు, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఎక్కడ అడిగినా వీధిలో ఒక ఇల్లు చూపిస్తారు, ఇన్ని పరిశోధనలు జరిగినా కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబర్లో మొదలైంది, నేను చెప్పేది అంతకు ముందు సంగతి. బస్సెక్కి సెంటరుకి పోవాలి, నాలుగు గంటలు మిషన్ మీద ఉండాలి, మళ్ళీ బస్సు. తల్లి కూలి పోకూడదు కాబట్టి తోడు మనవడు. అంటే వారంలో రెండు రోజులు వీడికి బడి లేదు, అప్పట్లో పిల్లల్ని బడికి పంపే తల్లులకి ప్రభుత్వం ఇచ్చే అమ్మ ఒడి డబ్బులకి 75 శాతం హాజరు ఉండాలని రూలు, ఆ తల్లి నన్ను ఎప్పుడు చూసినా ముందు హాజరే అడిగేది, చదువు తర్వాత.

అసలు సమస్య

విచిత్రం ఏంటంటే ఏడాది పాటు మాకెవరికీ సమస్యే కనపడలేదు. నాని నోట్సులు చూస్తే ముచ్చటేసేది. గుండ్రటి రాత, మార్జిన్లు, హెడ్డింగులకి అండర్‌లైను. ఎఫ్ఏల్లో, అంటే ఏడాది మధ్యలో పెట్టే చిన్న పరీక్షల్లో, అత్తెసరు మార్కులు వచ్చేవి. అల్లరి చెయ్యడు, ఎదురు చెప్పడు. ఇలాంటి పిల్లాడు మాకు కనపడడు, నలభై మంది ఉన్న క్లాసులో మాస్టారి కన్ను అల్లరోడి మీదో ఫస్టోడి మీదో ఉంటుంది.

జులైలో నోట్సులు దిద్దుతుంటే ఒక జవాబు మధ్యలో, వాక్యం నడుస్తుండగా, 47 అని ఉంది. సంవత్సరమా, సంఖ్యా, ఏదీ కాదు. గైడు తీసి చూస్తే అది పేజీ నంబరు. పేజీ మారిన చోట అది కూడా దింపేసేడు. పిలిచి, ఇది చదువు నాన్నా అన్నాను, వాడు రాసిందే. నోట్సు చేతిలోకి తీసుకుని నిలబడ్డాడు, పెదాలు కదిలేయి, శబ్దం లేదు. చెమట పట్టేసింది కుర్రాడికి. వాడు రాయడం లేదు, ముగ్గు వేస్తున్నాడు.

విడిగా కూర్చోబెట్టి అక్షరాలు, పదాలు, చిన్న పేరా, చిన్న కథ అలా వరసగా చదివించి చూసేను. అక్షరాలు చాలావరకు వచ్చు. ప-వ, మ-య దగ్గర తడబాటు. గుణింతాల్లో కొ-కో తేడా లేదు. వత్తులు సున్నా, వత్తు కనపడితే రోడ్డు మీద గుంత తప్పించినట్టు పక్కనుంచి పోయేవాడు. మాటలో మాత్రం ఏ లోటూ లేదు, బస్సులో కండక్టరు ఎవరితో గొడవ పడ్డాడో చెప్తే కళ్ళకి కట్టినట్టుండేది.

చేసి చూసినవి

మొదట రెమెడియల్, అంటే వెనకబడ్డ పిల్లలకి విడిగా చెప్పే క్లాసు. మధ్యాహ్నం భోజనాల తర్వాత వరండాలో అచ్చులు, హల్లులు, గుణింతాలు. ఎందుకు అక్కడే మొదలెట్టేను అంటే నా దగ్గర ఉన్న మాడ్యూలు అలా మొదలవుతుంది, అంతకు మించి కారణం లేదు, ఇప్పుడు ఒప్పుకోడానికి సిగ్గుగానే ఉంది. వాడి చిక్కు అక్షరాల దగ్గర లేదని నా టెస్టే చెప్పింది, అయినా అ ఆ ల నుంచి తెచ్చేను. పన్నెండేళ్ళ కుర్రాడు, మీసం నూగు వస్తోంది, ఆరో క్లాసు ఆడపిల్లలు చేతులు కడుక్కుంటూ చూసి నవ్వేరు. మూడు వారాలకి నాని డయాలిసిస్ లేని రోజు కూడా రావడం మానేసేడు.

తర్వాత డిక్టేషన్, సొంత వాక్యాలు. ఏదో ఒకటి నీ మాటల్లో రాయి అంటే, "మా నాన ఒచ్చీసినాడు, మల్లీ ఎలిపోనాడు" అని రాసేడు. రెండే వాక్యాలు, గైడులో లేనివి, జీవితంలో మొదటిసారి. నేను ఎర్ర పెన్నుతో ఒచ్చీసినాడు కొట్టేసి వచ్చేశాడు అని, ఎలిపోనాడు కొట్టేసి వెళ్ళిపోయాడు అని దిద్దేను. ఆ రోజు ఆగస్టు 29. పొద్దున ప్రార్థనలో గిడుగు రామమూర్తి గారి ఫోటోకి దండేసి పావుగంట మాట్లాడేను. 1863లో మన శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టేరు, పర్లాకిమిడిలో మాస్టారుగా చేసేరు, కొండ మీద సవరల భాష నేర్చుకుని ఆ పిల్లలకి ఆ భాషలోనే పుస్తకాలు తయారు చేసేరు, జనం మాట్లాడే తెలుగు పుస్తకాల్లోకి రావాలని జీవితమంతా కొట్లాడేరు, ఇవన్నీ నేనే చెప్పేను. స్టాఫ్ రూములో నా పక్కన కూర్చునే సైన్స్ మేడం నాని నోట్సు చూసి, "పొద్దున దండ ఎవరికేసేరు మాస్టారూ?" అంది. నవ్వేసి ఊరుకున్నాను గాని ఆ రాత్రి అన్నం సయించలేదు.

దాని తర్వాత నెల్లాళ్ళు నాని ఒక్క సొంత వాక్యం రాయలేదు. ఆలోచిస్తే వాడిది నూటికి నూరు పాళ్ళు న్యాయం. వాడికి ఉన్న ఒకే ఒక ఆయుధం చెవి. ఒచ్చీసినాడు అని చెవికి ఎలా వినపడిందో అలా, గుణింతం తప్పకుండా, చచ్చీ చెడీ రాసేడు. నేను అది తప్పు అనగానే వాడికి అర్థమైంది ఒకటే, నా చెవి మీద ఆధారపడకూడదు, గైడే నయం అని.

మధ్యలో ఒక తెలివైన అమ్మాయి పక్కన కూర్చోబెట్టేను. వారం తిరక్కుండా వాడి హోంవర్కు ఆ పిల్లే రాసిపెట్టింది. అంతటితో ఆపేసేం.

లెక్కల నోట్సు వెనక పేజీ

అక్టోబర్లో ఒకరోజు లెక్కల మాస్టారు సెలవు, నేను ఆ పీరియడ్ కి వెళ్ళేను. నాని నోట్సు తిరగేసి ఉంది, వెనక అట్ట లోపలి పేజీ నిండా సున్నాలు. కొన్ని ఉట్టి సున్నాలు, కొన్నిట్లో చుక్క, మధ్య మధ్య అర్ధచంద్రాలు, నిలువు గీతలు. వరసకి ఒక రోజు. ఏంట్రా ఇవి అంటే మొదట చెప్పలేదు. కొట్టనని అర్థమయ్యేక చెప్పేడు. సున్నా అంటే తాత తాగిన గలాసు నీళ్ళు. చుక్క ఉన్నది టీ. అర్ధచంద్రం చోడి (రాగి) అంబలి. గీత మాత్ర. అన్నీ కలిపి రోజుకి లీటరు దాటకూడదని డయాలిసిస్ సెంటర్లో నర్సు సిస్టర్ చెప్పింది, ఇంట్లో స్టీలు గలాసుతో కొలిస్తే ఐదు. అందుకని లెక్క.

"దొంగతనంగా తాగీసినా నాకు తెల్సిపోద్ది మాస్టారూ, కుండ మీద మూత వంకరగుంటాది."

పేజీలో ఒక ఆదివారం ఎదురుగా ఆరు సున్నాలున్నాయి. ఇదేంటి అన్నాను. "ఆ రోజు అమ్మ తాతని తిట్టీసింది" అన్నాడు.

నేను ఇంటికెళ్ళి ఆ పేజీ గురించే ఆలోచించేను. రాయడం రాదని మేం తీర్మానించిన కుర్రాడు సొంతంగా ఒక లిపి కట్టేడు, నాలుగు గుర్తులు, వరస, తేదీ, ఒక నియమం, దాన్ని తల్లి చదివి తాతని తిట్టగలుగుతోంది కూడా. అంటే రాత దేనికో వీడికి బాగా తెలుసు. తెలుగు అక్షరాలు మాత్రం వీడికి ఇంతవరకు ఒక్క పనీ చేసి పెట్టలేదు, గైడులోంచి నోట్సులోకి, నోట్సులోంచి మార్కుల్లోకి పోయేయి అంతే. కాబట్టి వాడికి అక్షరాలు నేర్పడం కాదు నా పని, వాడి పనిలోకి అక్షరాల్ని చేర్చాలి.

ఇక్కడ ఒక నిర్ణయం దగ్గర రెండు రోజులు తన్నుకున్నాను. గుర్తులు తీసేసి మాటలు రాయించాలా, గుర్తులు ఉంచాలా? తీసేస్తే అది మళ్ళీ నా హోంవర్కు అయిపోతుంది, పైగా ఒక రోజు మాట రాయలేకపోతే ఆ రోజు లెక్క పోతుంది, అది ఆటలు కాదు, మనిషి ఒంట్లో నీరు. ఉంచేం. గుర్తు పక్కన మాట, వచ్చినప్పుడే. ఒక రెండొందల పేజీల నోట్సు కొనిచ్చి, ఈ వారానికి నీకేం మాటలు కావాలో నువ్వే చెప్పు అన్నాను. పన్నెండు చెప్పేడు. తాత, నీళ్ళు, టీ, అంబలి, మాత్ర, బరువు, బస్సు, సూది, కాళ్ళు, ఆయాసం, పడుకున్నాడు, తిన్నాడు. ఏ వాచకంలోనూ ఈ పన్నెండు ఒక పాఠంలో ఉండవు. కానీ వీడు రోజుకి ఐదుసార్లు నీళ్ళు అని రాయాలి, నేను ఇంపోజిషన్ ఇవ్వక్కర్లేకుండా.

నీళ్ళు మొదట నీలు అనే రాసేడు. నేను దిద్దలేదు, నేను రాసిచ్చిన అట్ట మీద నీళ్ళు అని ఉంది, నాలుగో రోజు వాడే వచ్చి ళ కింద ఉన్న ఆ బుడిపేంటి అనడిగేడు. అడిగింది వాడు కాబట్టి చెప్పింది నిలబడింది. నీరు ఎక్కువైతే తాతకి ముందు కాళ్ళు పొంగుతాయి, తర్వాత కళ్ళ కింద ఉబ్బుతుంది, వేళ్ళు బిగుసుకుంటాయి. నీళ్ళు, కాళ్ళు, కళ్ళు, వేళ్ళు. ఏడాదిగా దాటేసిన వత్తు ఒక్క పొద్దులో నాలుగు మాటల్లో దొరికింది. వత్తులు ఇలా జబ్బులోంచి నేర్పాల్సొస్తుందని నేను బీఈడీలో చదువుకోలేదు.

యాస సంగతి నేను తేల్చాల్సిన పని లేకుండా సిస్టరే తేల్చింది. రెండో వారం నాని తనంతట తనే ఆ నోట్సు సెంటరుకి పట్టుకెళ్ళేడు. ఆవిడ గుంటూరు వేపు మనిషి. "మెట్లెక్కితే ఆయాసం బేగి వస్తంది" అని ఉంటే బేగి అంటే ఏంటి బాబూ అని అడిగిందట. వీడు తెల్లారి నా దగ్గరికొచ్చేడు, ఆవిడకి తెలియాలంటే ఏం రాయాలి అని. త్వరగా అనొచ్చు, తొందరగా అనొచ్చు అన్నాను. రెండూ రాసి చూసుకుని తొందరగా తీసుకున్నాడు, త్వ కింద వత్తు ఉందిట. బేగి కొట్టెయ్యలేదు, దాని కింద చిన్నగా తొందరగా అని రాసేడు. ఇంట్లో వాళ్ళకి పైది, సిస్టర్‌కి కిందది. ఆగస్టులో నా ఎర్ర పెన్ను చెయ్యలేని పని ఇది. అప్పుడు వచ్చేశాడు అన్నది ఎవరి కోసం రాయాలో వాడికి తెలీదు, ఇప్పుడు చదివే మనిషి ఎదురుగా మంచం పక్కన నిలబడి ఉంది.

ఆవిడ బరువులు కూడా రాయమంది, మిషన్ ఎక్కే ముందు, దిగేక. మధ్య రోజుల్లో ఎప్పుడు ఎక్కువ తాగేడో నోట్సు చూసి తాతని నిలదీసేది. తాత ఆరోగ్యం దీనివల్ల బాగుపడిందని నేను అనను, అది డాక్టర్లు చెప్పాల్సిన మాట.

డిసెంబర్లో మొదటిసారి మాటల్లోంచి వాక్యాల్లోకి వచ్చేడు. యథాతథంగా ఇస్తున్నాను, ఇప్పుడు అనుమతి ఉంది:

"తాత బోండం తాగీసినాడు. నాను సూసినాను. సెప్పొద్దన్నాడు. సెప్తన్నాను."

కొబ్బరి నీళ్ళలో పొటాషియం ఎక్కువ, డయాలిసిస్ వాళ్ళకి వద్దంటారు. కొబ్బరి తోటలో పుట్టి పెరిగిన మనిషికి బోండం వద్దంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆ నాలుగు వాక్యాలు చదివి నాకు ఒళ్ళు జలదరించింది. నాలుగింటిలో ఒక్క మాట ఎక్కువ లేదు.

నా తప్పు

ఆ సంబరంలో నేను చేసిన పని, ఆ నాలుగు వాక్యాలూ చార్టు మీద పెద్దక్షరాలతో రాసి గోడ పత్రికకి ఎక్కించేను, పేరుతో సహా. వాడు గర్వపడతాడనుకున్నాను. వాణ్ణి అడగలేదు, తాతని అసలే అడగలేదు. రెండో రోజుకి ఊళ్ళో పిల్లలు ముసలాయన్ని బోండం తాతా అని పిలవడం మొదలెట్టేరు. మూడో రోజు నుంచి నాని బడికి రాలేదు. వారం.

ఇంటికెళ్ళేను. తల్లి గుమ్మంలో పిక్కలు కొడుతూ లేచి నిలబడి, "ఆడికి సదువు అచ్చిరాలేదు బాబూ, ఒగ్గీండి" అంది. తాత మంచం మీద నుంచి లేవలేదు, గోడ వేపు తిరిగే మాట్లాడేడు.

"నా నీళ్ళ లెక్క ఊరోళ్ళకేటికి బాబూ? బోండం తాగినాను, నిజిమే. ఆ ఆదివారం ఆరోది మాత్రం నాను తాగలేదు. కాయితం మీద ఉంటే నిజిమైపోద్దేటి? మా కోడలు నా మాట నమ్మలేదు, కాయితం నమ్మింది."

దానికి నా దగ్గర జవాబు లేదు. తప్పయిపోయింది తాతా, రేపే తీసేస్తాను అన్నాను. చాలాసేపటికి ఇటు తిరిగేడు. "రాయిస్తే నా సెట్ల గురించి రాయించండి" అన్నాడు.

ఆ సంక్రాంతి సెలవల్లో తాత చెప్తుంటే నాని రాసేడు. తిత్లీలో పడిపోయిన చెట్లు, ఒక్కోటి ఎక్కడుండేది, ఏది ఎవరు పుట్టినప్పుడు పాతింది, ఏది తియ్యగా కాసేది. పేజీన్నర. కింద తాత వేలిముద్ర, అది నేను అడగలేదు, పత్రం రాసేక వేలిముద్ర ఉండాలి కదా అని ఆయనే వేసేడు. అది గోడ మీద పెట్టేం. నెలలో పదకొండు మంది పిల్లలు వాళ్ళింటి చెట్ల గురించి రాసుకొచ్చేరు, ఇద్దరు ముసలోళ్ళు బడికొచ్చి మా చెట్టు పేరు తప్పు పడిందని దిద్దించుకుని వెళ్ళేరు.

ఇందులోంచి నేను పట్టుకున్నవి

గోడ పత్రికకి ఇప్పుడు ఒకటే రూలు, రాసినోడూ ఎవరి గురించి రాసేడో ఆ మనిషీ ఇద్దరూ సరే అంటేనే. పిల్లలు దీన్ని నాకంటే గట్టిగా పాటిస్తారు.

ఇదే పద్ధతి ఇంకో నలుగురు పిల్లల మీద చేసి చూసేను, ముగ్గురి దగ్గర పని చెయ్యలేదు. నోట్సులు కొనిచ్చి రోజూ డైరీ రాయండన్నాను, పొద్దున లేచేను, పళ్ళు తోముకున్నాను, బడికొచ్చేను, నెల్లాళ్ళూ అవే మూడు వాక్యాలు. వాళ్ళకి ఆ రాతతో పని లేదు, నాకు పని ఉంది, అంతే తేడా. నాలుగో అమ్మాయి దగ్గర కుదిరింది, ఎందుకంటే వాళ్ళమ్మ ఎన్ని కిలోల పిక్కలు కొట్టిందో మేస్త్రీ లెక్కకీ ఇంటి లెక్కకీ ఎప్పుడూ తేడా వచ్చేది, ఆ పిల్ల రోజువారీ రాసి శనివారం మేస్త్రీ ముందు చదివేది. ఇప్పుడు కొత్త పిల్లాడొస్తే ముందు టెస్టు పెట్టను, ఇంట్లో ఎవరికి ఏ లెక్క, ఏ కబురు అవసరమో కనుక్కుంటాను. దొరక్కపోతే మామూలు పద్ధతే, అది కూడా కొందరికి పని చేస్తుంది.

దిద్దడం నేను మానలేదు. తేదీలు, అంకెలు, మాత్రల పేర్లు మొదటి రోజు నుంచీ దిద్దేను, అవి తప్పు పోతే ప్రమాదం. మిగతావి, గట్టిగా చదివితే వాడు అన్నమాటే వినపడుతుంటే వదిలేసేను. ఎనిమిదో క్లాసుకి వచ్చేక పరీక్ష తెలుగు వేరు అని విడిగా నేర్పేను, ఆ సరికి వాడికి రెండు రకాల చదువరులు ఉంటారని తెలుసు కాబట్టి గొడవ పెట్టలేదు. హాజరు విషయంలో మాత్రం నేనేమీ చెయ్యలేకపోయేను, ఆ ఏడు 75 దాటలేదు.

ఏడో క్లాసు అయ్యేసరికి మూడో క్లాసు వాచకం తడుముకోకుండా చదివేడు. ఎనిమిదిలో తన తెలుగు పాఠం నెమ్మదిగా తనే చదువుకున్నాడు. ఇంగ్లీషు ఇప్పటికీ కుంటుతూనే ఉంది. గైడు దింపడం పూర్తిగా పోలేదు గాని పేజీ నంబర్లు మాత్రం దింపడం లేదు.

ఇది రాసేక వాడికి, తల్లికి చదివి వినిపించేను. తల్లి సరేనంది. వాడు ఫోన్ తీసుకుని మొత్తం తనే ఇంకోసారి చదివేడు, వేలు పెట్టి, పావుగంట పట్టింది. ఆరు సున్నాలు అన్న చోట ఆగిపోయేడు.

"ఇది మార్చండి మాస్టారూ. అయిదే. ఆరోది నాను తాగినాను, తాత గలాసుతో. కొట్టీడం మర్సిపోనాను."

మార్చమన్నాడు గాని, మార్చకుండా నువ్వు చెప్పింది కింద రాస్తాను, పరవాలేదా అన్నాను. కాసేపు ఆలోచించి, "తాతకి సదివి వినిపించీసి అప్పుడు పెట్టండి" అన్నాడు. నిన్న వెళ్ళి వినిపించేను.